మందారం కొమ్మకు వేరు పట్టాలంటే



ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఇంటి ముందు నాలుగడుగుల జాగా ఉంటే అక్కడ ఒక మందారం చెట్టు ఉంటుంది. పొద్దున్నే దేవుడి పటాలకు రెండు పూలు, తలకు నూనె కాచుకునే రోజున గుప్పెడు ఆకులు ఇచ్చే చెట్టు అది. మన వాకిళ్లలో పూసే ఎర్ర ముద్దమందారం కాయ కాయదు, విత్తనం ఇవ్వదు. అయినా ఊరంతా పాకింది. ఒక ఇంట్లో విరిచిన కొమ్మ పక్కింట్లో చెట్టయింది. ఆ చెట్టు కొమ్మ పుట్టింటి నుంచి అత్తింటికి పోయింది, అక్కడి నుంచి ఆడబిడ్డ ఊరికి పోయింది. ఒక వీధిలో ఉన్న ముద్దమందారాలన్నీ ఒకే చెట్టు ముక్కలై ఉండొచ్చు. ఇవాళ ఆ కొమ్మ నాటడం గురించి మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వైపు నాటిన కొమ్మల్లో ఎక్కువ భాగం ఎండకు చావవు, నీళ్లకు చస్తాయి. వానకు ముఖం వాచిన సీమ మనది. పచ్చని కొమ్మ చేతికి రాగానే దానికెక్కడ దాహం వేస్తుందోనని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోస్తాం. అదీ నల్లరేగడిలో గుచ్చి పోస్తాం. వారం పది రోజులకు ఆకు వాడుతుంది. నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోస్తాం. చివరికి పీకి చూస్తే అడుగు భాగం నల్లబడి, వేలితో నొక్కితే తొక్క జారిపోతుంది. కుళ్లిన వాసన వస్తుంది. ఆ కొమ్మ దాహంతో పోలేదు, ఊపిరాడక పోయింది.

ఎందుకిలా అవుతుందో కాస్త నిదానంగా చూద్దాం. కొమ్మను చెట్టు నుంచి కోసిన క్షణం నుంచి దానికి వేరు లేదు. కానీ ఆకు ఉంది. ఆకు తన పని ఆపదు, రంధ్రాల్లోంచి తేమను గాలిలోకి వదులుతూనే ఉంటుంది. బోరులో నీళ్లు అడుగంటినా మోటారు తిప్పుతున్నట్టే అది. మరి ఆకులన్నీ దూసేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. కొత్త వేరు పుట్టాలంటే పిండిపదార్థం కావాలి, వేరును పుట్టించే హార్మోను కావాలి. ఆ రెండూ ఎక్కువగా ఆకుల్లోంచి, చిగుళ్లలోంచి కిందికి దిగాల్సిందే. ఆకు ఉంటే తేమ పోతుంది, ఆకు తీసేస్తే వేరు రాదు. కొమ్మ నాటే పనిలో ఉన్న చిక్కంతా ఇదే. ఈ చిక్కును అడుగున నీళ్లు పోసి విప్పలేం. కోసిన చివర నుంచి కొమ్మ పీల్చుకోగలిగేది కొంచెమే. దాన్ని కాపాడేది ఆకు చుట్టూ ఉండే గాలిలోని తేమ.

అడుగున కావలసింది వేరే. తెగిన చోట కణాలు కొత్తగా చీలుతూ పెరగాలి, దానికి ప్రాణవాయువు కావాలి. నల్లరేగడి పత్తికి మంచి నేల, శనగకు మంచి నేల. అందులో బంకమన్ను ఎక్కువ, రేణువులు అతి సన్నవి. తడిస్తే ఉబ్బి, సందులన్నీ మూసుకుపోతాయి. ఎండితే అరచెయ్యి పట్టేంత పగుళ్లు ఇస్తుంది. తడిసినప్పుడు కొమ్మకు గాలి అందదు, ఎండినప్పుడు అప్పుడే పుట్టిన దారంలాంటి వేరు పటుక్కున తెగిపోతుంది. వేరు పట్టిన తర్వాత మందారం నల్లరేగడిలో బతకగలదు. వేరు లేని కొమ్మను మాత్రం అందులో గుచ్చకండి.

మరి దేంట్లో నాటాలి? వాగులో దొరికే గరుకు ఇసుక రెండు పాళ్లు, కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు కలుపుకోండి. ఇసుకను బకెట్లో వేసి, నీళ్లు పోసి, మురికి తేరి పైకొచ్చిన నీళ్లు వంపేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కొబ్బరి పొట్టు దొరక్కపోతే నల్లగా కాల్చిన వరి ఊక వాడండి. తెల్లటి బూడిద అయ్యేదాకా కాల్చకూడదు, ఊక ఆకారం పోకుండా నల్లగా ఉన్నప్పుడే నీళ్లు చల్లి ఆర్పేయాలి. తుంగభద్ర దిగువ కాలువ కింద వరి పండే ఊళ్లలో, సిరుగుప్ప వైపు రైస్ మిల్లుల్లో ఊకకు కొదవ లేదు. పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు ఈ దశలో వేయొద్దు. వేరే లేనప్పుడు తినడానికి నోరెక్కడిది? పైగా ఎరువులో ఉండే సూక్ష్మజీవులు తెగిన చోట చేరతాయి.

ఈ మిశ్రమాన్ని పిడికిట్లో పట్టి గట్టిగా పిండండి. చేతికి తడి అంటాలి, నీటి చుక్క కారకూడదు. నాటిన రోజు నుంచి వేరు వచ్చేదాకా తేమ అంతే ఉండాలి. చుక్క కారిందంటే ఎక్కువైనట్టు.

కుండీ కొనక్కర్లేదు. అరలీటరు పాల ప్యాకెట్లు కడిగి, పైభాగం కత్తిరించి, అడుగున, పక్కల కాలిన ఇనుప పుల్లతో ఏడెనిమిది చిల్లులు పెడితే చాలు. ఒక్కో ప్యాకెట్లో ఒక్కో కొమ్మ. ఒకటి కుళ్లితే దాని రోగం పక్కదానికి పాకకుండా ఉంటుంది. ఒకే పెద్ద తొట్టిలో ఇరవై కొమ్మలు గుచ్చడం నాకు ఇష్టం లేకపోవడానికి కారణం అదే.

ఇక కాలం. తొలకరి పడగానే కొమ్మలు నాటాలని చాలామంది అంటారు. కోస్తాలో అది సరైన మాటే కావచ్చు. మన దగ్గర మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వాన ఒక జల్లు కొట్టి పోతుంది, ఆ వెనకే పడమటి గాలి మొదలవుతుంది. ఆషాఢమంతా ఆ గాలి ఈదురుగా వీస్తూనే ఉంటుంది. ఆకాశంలో మబ్బు ఉంటుంది, ఒంటికి చల్లగా ఉంటుంది, వాతావరణం బాగుందనిపిస్తుంది. కానీ ఆ గాలి ఆకులోని తేమను ఎండకన్నా వేగంగా లాగేస్తుంది. అందుకే నేను ఆషాఢంలో కాదు, శ్రావణ భాద్రపదాల్లో నాటమంటాను. కార్తెల లెక్కన చెప్పాలంటే మఖ, పుబ్బ, ఉత్తర. ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు చివరి దాకా అన్నమాట. రాయలసీమకు సెప్టెంబరు వానే పెద్దవాన. గాలి తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, రాత్రి మరీ చలి ఉండదు. వినాయక చవితికి పత్రి కోసం ఊరి చెట్లన్నీ తిరిగే రోజుల్లోనే ఏ ఇంట్లో ఏ పూల చెట్టు ఉందో చూసుకుని, ఒక మాట అడిగి పెట్టుకోండి.

అడిగి పెట్టుకోవాలని ఊరికే అనలేదు. దొంగతనంగా తెచ్చిన కొమ్మే బాగా బతుకుతుందని ఒక మాట మనవాళ్లలో ఉంది. అది నిలిచే మాట కాదు. మసక చీకట్లో గోడ మీంచి చెయ్యి చాపితే అందేది లేత కొస. లేత కొస అన్నింటికన్నా ముందు వాడిపోతుంది. ఆ ఇంటి అక్కను అడిగితే ఆమె ముందురోజు సాయంత్రం చెట్టుకు నీళ్లు పెడుతుంది, పొద్దున్నే రమ్మంటుంది. చెట్టు చుట్టూ తిరిగి, ఏ కొమ్మ వయసు ఎంత, ఏ కొమ్మకు పురుగు ఉంది, ఏ వైపు పూలు బాగా పూస్తున్నాయి, అన్నీ చూసుకుని కోసుకోవచ్చు. కొమ్మ నుంచి వచ్చే చెట్టు తల్లి చెట్టుకు అచ్చు నకలు. పూలు తక్కువ పూసే చెట్టు నుంచి తెస్తే మన ఇంట్లోనూ తక్కువే పూస్తుంది. మన వీధి ఎండను, మన బోరు నీళ్లను తట్టుకుని ఏళ్ల తరబడి నిలిచిన చెట్టు పక్కనే ఉంటే, నేనైతే ముందు ఆ చెట్టు దగ్గరికే పోతాను. దూరం నుంచి లారీలో వచ్చిన మొక్క కోసం తరువాత చూస్తాను.

ఇప్పుడు కొమ్మను దగ్గరగా చూద్దాం. మందారం కొమ్మ చివర పచ్చగా, మెత్తగా ఉంటుంది. మొదట్లో తొక్క బూడిదరంగుకు తిరిగి గట్టిపడి ఉంటుంది. ఈ రెండింటి నడుమ పచ్చ మీద సన్నటి బూడిద చారలు మొదలయ్యే భాగం ఒకటి ఉంటుంది. వంచితే వంగుతుంది, ఇంకా వంచితే చిటుక్కుమని విరుగుతుంది. పెన్సిలంత లావు. మనకు కావలసింది అదే. ఎండ ఎక్కకముందే, పొద్దున ఆరు ఏడు గంటల మధ్య కోయండి. చేత్తో విరిస్తే తొక్క చీలిపోతుంది. పదునైన సికేచర్ గానీ, కొత్త బ్లేడు గానీ తీసుకుని, దాన్ని డెట్టాలుతో తుడవండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయే ముందు మళ్లీ తుడవండి.

పొడవు ఐదారు అంగుళాలు. అందులో మూడు నాలుగు కణుపులు రావాలి. కింది కోత కణుపుకు సరిగ్గా కింద, పావంగుళం వదిలి, ఏటవాలుగా ఉండాలి. పై కోత కణుపుకు పైన, అడ్డంగా, తిన్నగా ఉండాలి. కింద ఏటవాలు, పైన తిన్నగా. ఈ గుర్తు ఎందుకంటే, ఆకులు తీసేశాక ఏది తల, ఏది మొదలు అన్నది తెలియక తలకిందులుగా నాటేవాళ్లు ఉన్నారు. కొమ్మకు దిక్కు ఉంటుంది. హార్మోను తల నుంచి మొదలు వైపే నడుస్తుంది. మట్టిలో పాతినంత మాత్రాన తల మొదలు అయిపోదు.

మట్టిలోకి పోయే రెండు కణుపుల దగ్గర ఆకులు బ్లేడుతో కోసేయండి, కిందికి లాగొద్దు, లాగితే తొక్క ఊడుతుంది. పైన రెండు ఆకులు ఉంచి, ఒక్కో ఆకును అడ్డంగా సగానికి కత్తిరించండి. మొగ్గ ఎంత ముద్దుగా ఉన్నా తీసేయండి. దాచుకున్న పిండిపదార్థాన్నంతా అది తన కోసం లాక్కుంటుంది. కోసిన కొమ్మలను కోసిగి నుంచో, కౌతాళం నుంచో బస్సులో తెచ్చుకోవాల్సి వస్తే తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, నీడన ఉంచి తీసుకురండి. ఇంటికి రాగానే నాటండి, రేపటికి వాయిదా వేయొద్దు.

వేరు హార్మోను పొడి గురించి చాలామంది అడుగుతారు. దీని వెనక మంచి చరిత్ర ఉంది. 1926లో హాలండులోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఓట్స్ మొలకల కొసలు కత్తిరించి, వాటిని అగర్ ముక్కల మీద నిలబెట్టి, ఆ ముక్కల్లోకి ఏదో పదార్థం దిగుతోందని, మొలకను పెంచేది, వంచేది అదేనని చూపాడు. దానికే ఆక్సిన్ అని పేరొచ్చింది. 1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే ఇద్దరు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం లాంటి పదార్థాలు కాండం మీద వేర్లు పుట్టిస్తాయని తేల్చారు. ఇవాళ ఎరువుల దుకాణాల్లో, నర్సరీల్లో దొరికే చిన్న డబ్బాలోని పొడిలో సాధారణంగా ఉండేది అదే, ఐబీఏ. మందారానికి 1000 నుంచి 3000 పీపీఎం మధ్య ఉన్నది సరిపోతుంది. కొమ్మ అడుగును కాస్త తడిపి, అర అంగుళం మేర పొడిలో అద్ది, విదిలించి నాటాలి. ముందే పుల్లతో గుంత చేసి అందులో పెట్టండి. లేకపోతే గుచ్చేటప్పుడు పొడంతా పైనే రాలిపోతుంది. ఎక్కువ అద్దితే ఎక్కువ వేర్లు రావు, కొమ్మ అడుగు మాడుతుంది.

పొడి ఉంటే వేర్లు కాస్త తొందరగా, కాస్త గుబురుగా వస్తాయి. లేకపోయినా మందారం వేరు పట్టగలదు. తేనె, కలబంద గుజ్జు, పసుపు లాంటివి రాసేవాళ్లు ఉన్నారు. వాటిని ఆ పొడికి సాటి అనుకోవద్దు. మన పెద్దలకు పొడి లేదు, వాళ్లూ నాటారు. 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదం అని ఒక అధ్యాయం రాసి, పనస, అశోకం, దానిమ్మ, ద్రాక్ష లాంటివాటిని కొమ్మ కోసి, పేడ పూసి నాటమన్నాడు. ఆ వరుసలో అతిముక్తం అనే పూల తీగ కూడా ఉంది. అంటే పండ్ల చెట్లతో సమానంగా పూల మొక్కను కూడా కొమ్మతో పెంచే విద్య మనకు ఎంతో పాతది.

నాటారు. కొమ్మ చుట్టూ మిశ్రమాన్ని వేలితో నొక్కి, ఒక్కసారి నీళ్లు పోసి, అడుగు చిల్లుల్లోంచి మిగిలింది కారిపోనిచ్చారు. ఇప్పుడు ఆకుకు తేమ ఇవ్వాలి. రెండు లీటర్ల పాత నీళ్ల సీసా అడుగు కోసేసి, ప్యాకెట్ మీద బోర్లించండి. లేదా తెల్లటి పాలిథిన్ కవరును రెండు పుల్లల ఆసరాతో గుడారంలా కప్పి, కింద దారంతో కట్టండి. లోపల ఆవిరి పట్టి, కవరుకు సన్నటి చుక్కలు అంటుకుని ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. ఆ చుక్కలు ఉన్నన్నాళ్లూ మట్టికి నీళ్లు అక్కర్లేదు. మళ్లీ చెబుతున్నాను, కవరుకు తేమ చుక్కలు కనిపిస్తుంటే నీళ్లు పోయొద్దు. రోజుకోసారి సాయంత్రం కొద్దిసేపు మూత తీసి గాలి మార్చండి. ఎండ నేరుగా తగిలితే ఆ కవరు లోపల కొమ్మ ఉడికిపోతుంది, అందుకని వేపచెట్టు నీడనో, ఇంటికి ఉత్తరం వైపు అరుగు మీదో పెట్టండి. చీకటి గదిలో పెట్టొద్దు. వెలుతురు ఉంటేనే ఆకు పని చేస్తుంది.

నీళ్ల విషయంలో ఇంకొక మాట. మన బోర్లలో చాలావాటివి ఉప్పు నీళ్లు. తొట్టి అంచుకు తెల్లటి పొర కడుతోందంటే ఆ ఉప్పే. పెద్ద చెట్టు దాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది, లేత వేరు ఓర్చుకోదు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లతో నింపిన చెరువుల నుంచి కుళాయికి వచ్చే నీళ్లు దీనికి మేలు. అన్నిటికన్నా మేలు వాననీళ్లు. సెప్టెంబరులో చూరు కింద ఒక బకెట్ పెడితే నెలకు సరిపడా దొరుకుతాయి. కొమ్మలకు అక్కర పడేది నిజంగా అంత కొంచెమే.

ఇప్పుడు అసలు కష్టం, ఆగడం. రెండు వారాలకే కొమ్మ మీద పచ్చటి చిగురు కనిపిస్తుంది. ఇంట్లో అందరికీ సంబరం. వేరొచ్చిందనుకుని తీసి నేలలో పెట్టేస్తాం, నాలుగు రోజుల్లో చిగురు తల వాల్చేస్తుంది. చిగురు రావడానికి వేరు అక్కర్లేదు. కొమ్మలో దాచుకున్న శక్తి చాలు. అది అయిపోయేలోపల వేరు వస్తే బతుకుతుంది, రాకపోతే లేదు. అందుకని చిగురును నమ్మకండి. మందారానికి వేరు పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరు వారాలకు కొమ్మను రెండు వేళ్లతో పట్టి మెల్లగా, చాలా మెల్లగా పైకి లాగి చూడండి. లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగువు తెలిస్తే వేరు పట్టింది. పాల ప్యాకెట్ అడుగు చిల్లులో తెల్లటి వేరు కొస కనిపిస్తే మరీ మంచిది. వారానికోసారి పీకి చూసే అలవాటు మానుకోండి. పీకిన ప్రతిసారీ కొత్తగా పుట్టిన వేర్లు తెగుతాయి.

ఈ మధ్యలో అడుగు నల్లబడిన కొమ్మ కనిపిస్తే ప్యాకెట్‌తో సహా తీసి దూరంగా పారేయండి. ఆ మట్టిని మళ్లీ వాడొద్దు. మిగిలినవాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, మట్టి తడిసేలా ఒక్కసారి పోయొచ్చు.

మందారం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మందారం, పత్తి, బెండ, మనం పప్పులో వేసుకునే పుంటికూర, ఇవన్నీ ఒకే కుటుంబం. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి, 1938లో మాచాని సోమప్పగారు నేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం మీద ఆడే నూలు, వాకిట్లో మందారం, అన్నీ బంధువులే. బంధువులైనందుకు పురుగులు కూడా ఉమ్మడే. 2000 తర్వాతి దశకంలో మన దేశపు పత్తి పొలాల్ని పీడించిన పిండినల్లి మందారం మీద హాయిగా బతుకుతుంది. పత్తి కట్టె పీకేసిన తర్వాత అది తలదాచుకునే చోట్లలో ఇంటి మందారం ఒకటి. కొమ్మ తెచ్చుకునేటప్పుడు కణుపు సందుల్లో, ఆకు అడుగున తెల్లటి దూదిలాంటి మచ్చ ఉందేమో వెతకండి. ఉంటే ఆ కొమ్మ తేవొద్దు. పొలాల పక్కన ఇల్లు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంట్లో చెట్టుకే పట్టి ఉంటే, ఆ పట్టిన కొసలు కత్తిరించి కాల్చేసి, మిగతా చెట్టును సబ్బునీళ్లతో ఒత్తిడిగా కడగండి. చీమలు చెట్టెక్కకుండా చూడండి. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపాడుతుంటాయి.

మిగతా పూల మొక్కల గురించి కొంచెం కొంచెం చెబుతాను.

నందివర్ధనం మందారం కన్నా సులువు. కోసిన చోట పాలు కారతాయి, వాటిని తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి నాటితే చాలు. గన్నేరు ఇంకా సులువు, సీసాలో నీళ్లు పోసి నిలబెట్టినా వేరు వస్తుంది. కాకపోతే గన్నేరు చెట్టంతా విషం. ఆ సీసా నీళ్లు పిల్లలకు, మేకలకు అందకుండా పెట్టండి, కోసిన చేతులు కడుక్కోండి, కత్తిరించిన ఆకులు గాడిలో పడకుండా చూడండి.

కనకాంబరం సంగతి వేరు. మామూలు రకానికి విత్తనం ఉంది. ఎండిన కంకి మీద నీళ్లు చిలికితే కాయలు టపటపా పేలి గింజలు చెదిరిపోతాయి, చిన్నపిల్లలకు చూపించదగ్గ వింత. కానీ పెద్ద పూలు పూసే ఢిల్లీ కనకాంబరం విత్తనం పెట్టదు. దానికి క్రోమోజోముల సెట్లు రెండు కాదు, మూడు, అందుకని అది గొడ్డుది. దాన్ని కొమ్మతోనే పెంచాలి. లేత గట్టి కొసలు నాలుగంగుళాలు తీసుకుని, ఇప్పుడు చెప్పిన పద్ధతిలోనే కవరు కప్పి పెట్టండి.

మల్లెకు కొమ్మ కత్తిరింపు కన్నా అంటు తొక్కడమే మంచిదని నా అభిప్రాయం. నేలకు వంగే తీగను కణుపు దగ్గర కొద్దిగా గాటు పెట్టి, మట్టిలో తొక్కి, మీద రాయి పెడితే తల్లి చెట్టు దానికి నీళ్లిస్తూనే ఉంటుంది. వేరొచ్చాక తల్లి నుంచి కోసేయొచ్చు. కొమ్మ చచ్చిపోతుందన్న బెంగ ఉండదు. ఇంటి వాడకానికి ఒకటి రెండు మొక్కలు కావాల్సినవాళ్లు ఇట్లా చేయండి. పొలం గట్టు మీద వరుసగా పెట్టాలనుకునేవాళ్లకు మాత్రం కత్తిరింపులు తప్పవు.

గులాబీలో నాటు గులాబీ కొమ్మ తేలిగ్గా వేరు పడుతుంది. నర్సరీలో కొన్న పెద్ద పూల గులాబీ చాలావరకు వేరే వేరు మీద అంటు కట్టినది. దాని కొమ్మ తెచ్చి నాటితే వేరు వచ్చినా, అంత బలంగా పెరగదు. ఆశ పెట్టుకోవద్దు.

కాగితం పూల చెట్టుకు లావుపాటి ముదురు కొమ్మ కావాలి, అదీ పుష్య మాఘ మాసాల్లో, చెట్టును కత్తిరించే సమయంలో తీసుకున్నది. ఇది దక్షిణ అమెరికా చెట్టు. 1766లో ఫ్రాన్సు నుంచి బయలుదేరిన బూగెన్‌విల్ అనే కెప్టెన్ యాత్రలో కొమ్మెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెజిల్‌లో దీన్ని సేకరించి, కెప్టెన్ పేరే పెట్టాడు. ఆయన సహాయకురాలు జాన్ బారే మగవేషంలో ఓడెక్కిన ఆడమనిషి. ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మొదటి స్త్రీగా ఇవాళ ఆమెను చెప్పుకుంటున్నారు. ఆ చెట్టు వేరు పట్టడానికి రెండు మూడు నెలలు తీసుకోవచ్చు. వేర్లు గాజుపోగుల్లా విరిగిపోతాయి కాబట్టి ప్యాకెట్ నుంచి మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదరకూడదు. ఒకసారి నిలిచిందంటే మన మే నెల ఎండలో, ఆదోని కొండల గరప నేలలో కూడా నిండుగా పూసే చెట్టు మరొకటి చూపించలేను.

మళ్లీ మందారానికి వద్దాం. వేరు పట్టిన తర్వాత కవరును ఒక్కసారిగా తీసేయొద్దు. మొదట ఒక పక్క చిల్లు పెట్టండి, తర్వాత రోజుకు ఇన్ని గంటలని తెరుస్తూ, వారం పది రోజుల్లో పూర్తిగా తీయండి. అప్పుడు ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన పెద్ద కవర్లోకి మార్చండి. ఇప్పుడు దానికి తినే నోరు వచ్చింది. చలికాలమంతా అందులోనే పెంచి, వేసవిలో నీడన కాపాడి, వచ్చే ఏడు వానలకు నేలలో పెట్టడం అన్నిటికన్నా క్షేమమైన దారి. తొందరగా ఉన్నవాళ్లు కార్తీకంలో పెట్టొచ్చు, కానీ ఆ తర్వాత వచ్చే మొదటి వేసవిలో రోజూ కనిపెట్టుకుని ఉండాలి.

నేల నల్లరేగడి అయితే అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, సగం మట్టి తీసేసి, దాని బదులు గరప, ఎరువు కలిపి నింపండి. మొక్క మొదలు చుట్టుపక్కల నేలకన్నా కాస్త ఎత్తులో ఉండాలి, వాననీళ్లు మొదట్లో నిలవకూడదు. చుట్టూ వేరుశనగ పొట్టో, ఎండాకులో పరిస్తే నేల పగలదు. మొదటి ఏడు నీళ్లు తరచుగా కాక, విడతకు నిండుగా పెట్టండి. పైపైన రోజూ చిలికితే వేరు పైనే ఉండిపోతుంది.

ఏదైనా తెగులు అంతుచిక్కకపోతే ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఒక ఆకు, ఒక కొమ్మ కవర్లో పెట్టుకుని వెళ్లి చూపించండి. మందారానికి పట్టింది పక్క పత్తి చేనుకూ పట్టొచ్చు. అందుకని ఇంటి పూలచెట్టు గురించి శాస్త్రజ్ఞుల్ని అడగడానికి మొహమాటపడొద్దు.

ఐదు కొమ్మలు నాటండి, మూడు నిలుస్తాయనుకోండి. ఒకటి మీకు, ఒకటి కొమ్మ ఇచ్చినవాళ్లకు, ఎందుకంటే వాళ్ల తల్లి చెట్టు రేపు పిండినల్లికో, గోడ కట్టడానికో పోతే ఆ పువ్వు మళ్లీ దొరికేది మీ దగ్గరే. మూడోది అడిగినవాళ్లకు. మొక్క అడుగెత్తు అయ్యేదాకా వచ్చిన మొగ్గలన్నీ తుంచేయండి, తల కొస ఒకసారి గిల్లండి, పక్క కొమ్మలు వస్తాయి. ఆ తర్వాత వచ్చిన మొగ్గల్ని పూయనివ్వండి.